ఏమీ తేలని గంటల్లో న్యూస్‌రూమ్ ఎలా నడవాలి

పెద్ద ప్రమాదమో, దాడో, భూకంపమో జరిగిన మొదటి గంటలోనే జనం అందరికంటే ఎక్కువగా వార్తల కోసం వెతుకుతారు. సరిగ్గా ఆ గంటలోనే న్యూస్‌రూమ్ దగ్గర సమాచారం అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. అబద్ధం చెప్పాలని వార్తలు దిద్దే ఏ డెస్కూ కూర్చోదు. అడిగేవాళ్లు వేలమంది, చెప్పడానికి ఉన్నది రెండు ముక్కలు. ఆ ఖాళీని దేనితోనో నింపేయాలన్న తొందరలోంచే చాలా తప్పులు పుడతాయి. ఆ తొందరను ఆ క్షణంలో ఎవరి మంచితనమూ ఆపలేదు. ముందే రాసి పెట్టుకున్న పద్ధతి ఆపగలదు. ఈ పోస్టు ఆ పద్ధతి గురించి.

2006 జనవరి 2న అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో, సాగో బొగ్గుగనిలో పేలుడు జరిగి 13 మంది కార్మికులు లోపల చిక్కుకున్నారు. మర్నాడు అర్ధరాత్రికి కాస్త ముందు 12 మంది బతికే ఉన్నారన్న కబురు బయటికొచ్చింది. గనిలో మాస్కులు తొడుక్కున్న సహాయక సిబ్బంది చెప్పిన మాట ఒకరి నుంచి ఒకరికి అందుతూ పైనున్న కమాండ్ సెంటర్‌కి చేరేసరికి మారిపోయింది. అక్కడ స్పీకర్‌లో విన్నవాళ్లు ఫోన్లు చేశారు. కుటుంబాలు ఎదురుచూస్తున్న చర్చిలో గంటలు మోగాయి. దాదాపు 3 గంటల తర్వాత నిజం చెప్పారు: 12 మంది చనిపోయారు, బతికింది ఒక్కరే. ఈలోగా ఎన్నో పత్రికలు జనవరి 4 సంచికను కార్మికులు సజీవంగా ఉన్నారన్న పెద్ద హెడ్డింగ్‌తో అచ్చేసేశాయి.

ఇక్కడ రిపోర్టర్లు పని ఎగ్గొట్టలేదు. చాలామందితో మాట్లాడారు. బంధువులు అవునన్నారు, చర్చి దగ్గరున్నవాళ్లు అవునన్నారు, పెద్ద పదవిలో ఉన్నవాళ్లూ ఆనందం పంచుకున్నారు. కానీ అందరూ విన్నది ఒకే మాట, అందరికీ అది వచ్చింది ఒకే చోటు నుంచి. పదిమంది చెప్పినా మూలం ఒకటే అయితే లెక్కలో అది ఒక్క మూలమే. అందుకే "ఇద్దరు చెబితే వేసేద్దాం" అన్న నియమం ఒక్కటే సరిపోదు. ప్రతి ఒక్కరినీ అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది: "మీకు ఎలా తెలిసింది? మీరు చూశారా, ఎవరైనా చెప్పారా? చెబితే ఎవరు?" సాగోలో అడగాల్సిన ప్రశ్న మరీ చిన్నది: బయటికి తీసుకొచ్చిన కార్మికులను ఎవరైనా కళ్లారా చూశారా? అంబులెన్సులు ఎన్ని కదిలాయి?

ఇంకో విషయం హెడ్డింగ్. కథనం మొదటి వాక్యంలో "కుటుంబ సభ్యులు చెప్పారు" అని ఉన్నా, హెడ్డింగ్‌లో చోటు చాలదని ముందుగా ఎగిరిపోయేది ఆ ముక్కే. డెస్క్‌లో దీనికి గట్టి నియమం ఉండాలి: ఆధారం ఒక్కటే అయినప్పుడు ఆ ఆధారం పేరు హెడ్డింగ్‌లో కూడా ఉండాలి. అది పట్టకపోతే ఫాంట్ తగ్గించాలి, లేదా హెడ్డింగ్ మార్చాలి. టీవీ స్క్రోలింగ్‌కీ, ఫోన్‌కి పంపే అలర్ట్‌కీ ఇదే వర్తిస్తుంది. చాలామంది చదివేది అదొక్కటే.

2000 నవంబరు 7 రాత్రి, అధ్యక్ష ఎన్నికల ఫలితాల వేళ, అమెరికా టీవీ నెట్‌వర్కులకు జరిగింది ఇలాంటిదే, ఇంకా పెద్ద ఎత్తున. ఫ్లోరిడాలో గోర్ గెలిచారని తూర్పు కాలమానం ప్రకారం 8 గంటల లోపే ప్రకటించారు. ఆ రాష్ట్రంలో పడమటి కొస ఒక గంట వెనక ఉంటుంది, అక్కడ పోలింగ్ ఇంకా ముగియనే లేదు. 10 గంటల ప్రాంతంలో ప్రకటన వెనక్కి తీసుకున్నారు. అర్ధరాత్రి దాటాక, 2 గంటల తర్వాత, ఒక నెట్‌వర్క్ బుష్ గెలిచారంది. నిమిషాల్లో మిగతావీ అదే అన్నాయి. 4 గంటల ప్రాంతంలో అదీ వెనక్కి తీసుకున్నారు. చివరికి తేడా 537 ఓట్లని తేలడానికి నెల దాటింది. అన్ని నెట్‌వర్కులకూ డేటా వచ్చింది ఒకే ఉమ్మడి సంస్థ నుంచి. అదే డేటా చేతిలో ఉన్నా అసోసియేటెడ్ ప్రెస్ అనే వార్తా సంస్థ రెండోసారి, అంటే బుష్ గెలుపును, ప్రకటించలేదు. తేడా తగ్గిపోతోందని వాళ్ల లెక్కలో కనబడింది, ఆగారు.

దీన్నుంచి నేర్చుకున్న పద్ధతి నాకు చాలా ఇష్టం. ఫలితం ఎప్పుడు ప్రకటించాలో నిర్ణయించే బృందాన్ని వేరే గదిలో కూర్చోబెట్టాలి. ఆ గదిలో పోటీ చానళ్ల తెరలు ఉండకూడదు. "అవతలివాళ్లు ఇచ్చేశారు" అన్నమాట ఆ గదిలోకి వెళ్లకూడదు. ఎందుకంటే అవతలివాళ్లు ఇవ్వడం అనేది సాక్ష్యం కాదు, అది ఒత్తిడి. చిన్న న్యూస్‌రూమ్‌లో వేరే గది ఉండదు. కానీ ఒక మనిషి ఉండొచ్చు: ఆ షిఫ్టులో పోటీ చానళ్లు చూడకుండా, మన రిపోర్టర్లు పంపిందే చూసి "వెయ్యండి, ఆగండి" అని చెప్పే ఒక సీనియర్. ఆయన పేరు షిఫ్టు మొదట్లోనే బోర్డు మీద రాసి ఉండాలి. గొడవ మొదలయ్యాక పేరు వెతుక్కుంటే పని జరగదు.

మొదటి గంటలో చేతిలో ఉండాల్సిన పనిముట్టు చాలా సాదాది: అందరూ తెరిచి ఉంచుకునే ఒకే ఒక్క షీట్. అందులో ఐదు గడులు. ఏ సమయానికి వచ్చింది, ఏం చెప్పారు, ఎవరు చెప్పారు, వాళ్లకెలా తెలుసు, ఇప్పుడు దాని స్థితి ఏంటి. స్థితికి మూడే మాటలు వాడాలి: వాడొచ్చు, ఆగాలి, తప్పు. "దాదాపు నిజమే" లాంటి నాలుగో మాటకు చోటిస్తే షీట్ పనికిరాకుండా పోతుంది, ఎవరికి కావాల్సినట్టు వాళ్లు చదువుకుంటారు. వాట్సాప్ గ్రూపులో ఈ పని అస్సలు చేయకూడదు. పది నిమిషాల్లో పాత మెసేజ్ పైకి వెళ్లిపోతుంది, "తప్పు" అని తేల్చినదాన్నే తర్వాత షిఫ్టుకొచ్చిన సబ్‌ఎడిటర్ కొత్త వార్త అనుకుని ఎత్తుకుంటారు. ఇది నిజంగా ఎక్కువసార్లు జరిగే పొరపాటు.

లైవ్ పేజీ పైభాగంలో ఎప్పుడూ రెండు చిన్న పేరాలు ఉండాలి: ఇప్పటివరకు తేలినవి, ఇంకా తేలనివి. రెండోది రాయడానికి చాలామంది సబ్‌ఎడిటర్లు మొహమాటపడతారు, మన దగ్గర సమాచారం లేదని ఒప్పుకున్నట్టు ఉంటుందని. కానీ పాఠకుడికి అదే ఎక్కువ పనికొస్తుంది. "పేలుడుకు కారణం తెలియదు. రెండో పేలుడు జరిగిందన్న ప్రచారాన్ని పోలీసులు ఇంకా అవుననలేదు, కాదనలేదు" అని రాస్తే, ఫోన్‌లో తిరుగుతున్న రెండో పేలుడు వదంతి అక్కడే బలం కోల్పోతుంది. ప్రతి అప్‌డేట్ పక్కన సమయం ఉండాలి. పాత అప్‌డేట్ తప్పని తేలితే చడీచప్పుడు లేకుండా చెరిపేయకూడదు. దాన్ని ఉంచి, ఇది తప్పని తేలిందని దాని పైనే రాయాలి.

ఇక మన వార్తాభాషలో ఒక చెడ్డ అలవాటు ఉంది. "తెలుస్తోంది", "సమాచారం", "విశ్వసనీయ వర్గాల ప్రకారం". ఈ మూడూ ఎవరు చెప్పారన్నది దాచేస్తాయి. అనిశ్చిత సమయంలో ఇవి మరీ ప్రమాదం. డెస్క్‌లో ఈ మాట కనబడితే ఒకే ప్రశ్న వేయాలి: ఎవరికి తెలిసింది? పేరు చెప్పలేకపోతే కనీసం హోదా, ఆయనకు ఆ సంగతి తెలిసే అవకాశం ఎలా ఉందో రాయాలి: "సహాయక చర్యల్లో పాల్గొన్న అగ్నిమాపక అధికారి" అన్నట్టు.

మృతుల సంఖ్య దగ్గర జరిగే తప్పులు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటాయి. ఆసుపత్రి 9 అంటుంది, పోలీసులు 14 అంటారు. తొందరలో ఎవరో కలిపి 23 చేస్తారు. కానీ ఆసుపత్రి లెక్కలోని 9 మంది పోలీసుల 14లో ఉండే ఉండొచ్చు. రెండు శాఖల సంఖ్యలను ఎప్పుడూ కూడకూడదు. ఒక ఘటనకు ఒక లెక్కను ఎంచుకుని, ఎవరి లెక్కో చెప్పి, అదే శాఖ చెప్పినప్పుడే మార్చాలి. సంఖ్య తగ్గినా సిగ్గుపడక్కర్లేదు. పెద్ద ప్రమాదాల్లో ఒకే మనిషిని రెండు చోట్ల లెక్కపెట్టడం మామూలే, తర్వాత సవరిస్తారు. తగ్గినప్పుడు ఎందుకు తగ్గిందో ఒక వాక్యం రాయాలి, లేకపోతే దాచిపెడుతున్నారన్న అనుమానం పుడుతుంది.

వీడియోలకు వద్దాం. సోషల్ మీడియా నుంచి వచ్చిన వీడియోను వాడే ముందు చేయాల్సిన పని అలవాటైతే పావుగంట పడుతుంది. మొదట వీడియోలో నాలుగైదు ఫ్రేములు తీసి ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లోనూ, యాండెక్స్‌లోనూ వెతకాలి. ఒకదానిలో దొరకనిది ఇంకోదానిలో దొరుకుతుంది. ఫ్రేములు తీయడానికి ఇన్‌విడ్ అనే బ్రౌజర్ ప్లగిన్ ఉంది, ఉచితం. పాత వీడియో అయితే చాలాసార్లు ఇక్కడే పట్టుబడుతుంది. నా లెక్కలో సంక్షోభాల్లో తిరిగే తప్పుడు వీడియోల్లో ఎక్కువ భాగం కృత్రిమంగా తయారుచేసినవి కావు, వేరే ఏడాదివి, వేరే ఊరివి, కొత్త క్యాప్షన్‌తో వచ్చినవి. తర్వాత చోటు. బోర్డులు, వాహనాల నంబర్ ప్లేట్లు, కరెంటు స్తంభాల ఆకారం, వెనకున్న కొండ వాలు, ఇవన్నీ ఉపగ్రహ చిత్రంతోనూ స్ట్రీట్ వ్యూతోనూ పోల్చాలి. ఆ తర్వాత సమయం. నీడ పడ్డ దిక్కును బట్టి ఏ గంటో సన్‌కాల్క్ లాంటి సాధనంలో చూడొచ్చు. ఆ రోజు వాన పడిందా, నేల తడిగా ఉందా అన్నది వాతావరణ రికార్డుతో సరిపోల్చాలి.

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన వీడియోలో మెటాడేటా (ఎప్పుడు, ఎక్కడ తీశారో ఫైలులోనే ఉండే వివరాలు) వెతకడం వృథా, పంపేటప్పుడే అది పోతుంది. తీసినవాళ్లను కనుక్కుని అసలు ఫైలు అడగాలి, దానితోపాటు ముందూ వెనకా తీసిన ఇంకో క్లిప్పో ఫొటోనో అడగాలి. నిజంగా అక్కడున్నవాళ్ల ఫోన్‌లో ఒక్క క్లిప్పే ఉండటం అరుదు. ఫార్వర్డ్ చేసినవాళ్లు ఇక్కడే తడబడతారు. అడిగేటప్పుడు ఒక్కటి మరిచిపోకూడదు: ఆ మనిషి ఇంకా ప్రమాదంలో ఉండి ఉండొచ్చు. "ఇంకో వీడియో తీసి పంపండి" అని ఎప్పుడూ అనకూడదు. ముందు సురక్షితమైన చోటుకు వెళ్లమని చెప్పాలి.

మన సొంత ఖాతాలే తప్పుడు వార్తకు దారి కావచ్చు. 2013 ఏప్రిల్ 23న అసోసియేటెడ్ ప్రెస్ ట్విటర్ ఖాతా హ్యాకర్ల చేతిలో పడి, వైట్‌హౌస్‌లో పేలుళ్లు జరిగాయన్న ట్వీట్ వెళ్లింది. నిమిషాల్లో అమెరికా షేర్ మార్కెట్ ఒక్కసారిగా పడి మళ్లీ లేచింది. దారి ఇచ్చింది సిబ్బందికి వచ్చిన ఒక మోసపు మెయిల్. ఖాతాల పాస్‌వర్డ్ ఎవరెవరి దగ్గరుందో నెలకోసారి చూసుకోవడం, రెండంచెల లాగిన్ పెట్టడం, ఉద్యోగం మానేసినవాళ్ల పేరు ఆ రోజే తీసేయడం. ఇంతకంటే చెప్పేదేమీ లేదు, కానీ వాయిదా పడేది ఎప్పుడూ ఇదే.

ఇక అసలు భవనమే పడిపోతే? 1995 జనవరి 17 తెల్లవారుజామున జపాన్‌లోని కోబె నగరాన్ని భూకంపం కుదిపేసింది. కోబె షింబున్ పత్రిక ప్రధాన కార్యాలయం దెబ్బతింది, కంప్యూటర్లు ఆగిపోయాయి. అయినా అదే రోజు సాయంత్రం సంచిక వచ్చింది. అంతకు ఏడాది ముందే క్యోటో షింబున్ అనే ఇంకో పత్రికతో వాళ్లు ఒక ఒప్పందం రాసుకున్నారు: ఎవరికి ఆపద వచ్చినా రెండోవాళ్లు పేజీలు తయారుచేసి ఇవ్వాలి. ఇలాంటి ఒప్పందం నోటిమాటగా ఉంటే పనికిరాదు. పేజీ కొలత, ఫైలు ఏ రూపంలో పంపాలి, ప్రెస్‌లో ఏ వేళ ఖాళీ ఇస్తారు, అచ్చు ప్లేట్ల ఖర్చు ఎవరిది, కట్టలు ఎక్కడ ఎత్తుకోవాలి, రాత్రి 2 గంటలకు ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి కాగితం మీద ఉండాలి. ఏడాదికి రెండుసార్లు నిజంగా ఒక పేజీ పంపి అచ్చేసి చూడాలి. ఫాంట్లు తేడా రావడం, రంగులు మారడం లాంటివి అప్పుడే బయటపడతాయి.

2005 ఆగస్టులో కత్రినా తుపాను న్యూ ఓర్లీన్స్‌ను ముంచెత్తినప్పుడు అక్కడి టైమ్స్-పికయూన్ పత్రిక సిబ్బంది పత్రికలు మోసే ట్రక్కుల్లో బయటపడ్డారు. మూడు రోజులు అచ్చు లేదు, వెబ్‌సైట్‌లోనే పత్రిక నడిచింది. అక్కడ జనం రాసిన సాయం అభ్యర్థనలు కూడా వార్తలతో సమానంగా పనికొచ్చాయి.

2011 మార్చి 11 సునామీ తర్వాత జపాన్‌లోని ఇషినోమాకిలో అది కూడా సాధ్యం కాలేదు. కరెంటు లేదు, నెట్ లేదు, ప్రెస్ నీళ్లలో ఉంది. ఇషినోమాకి హిబి షింబున్ అనే చిన్న స్థానిక పత్రిక సిబ్బంది, తడవకుండా మిగిలిన న్యూస్‌ప్రింట్ రోల్ నుంచి కాగితం చించి, మార్కర్ పెన్నులతో చేత్తో రాశారు. ఒక ప్రతి చూసి మిగతావి ఎత్తిరాసి, శిబిరాల గోడలకు అంటించారు. ఆరు రోజులు అలాగే నడిపారు. చోటు తక్కువ కాబట్టి ఏం రాయాలన్నది జాగ్రత్తగా ఎంచుకున్నారు: ఎక్కడ ఎంత నష్టం, సాయం ఎక్కడికి చేరింది, కచ్చితమైన సమాచారాన్ని బట్టే నడుచుకోండి అన్న హెచ్చరిక. గోడ పత్రికలో ఊహాగానానికి చోటు ఉండదు. సర్వర్లలో అంతులేని చోటున్న మనం కూడా అంత పొదుపుగా రాస్తే బావుంటుందని నా గట్టి నమ్మకం.

మనం చేయగలిగిన దగ్గరి పని: ఫొటోలు, ప్రకటనలు లేని అక్షరాల పేజీ ఒకటి ముందే తయారుగా ఉంచుకోవడం. టవర్లు పడిపోయి సిగ్నల్ ఒక్క గీత ఉన్నచోట మామూలు హోమ్‌పేజీ తెరుచుకోదు. అక్షరాల పేజీ తెరుచుకుంటుంది, ఫోన్ బ్యాటరీ కూడా మిగులుతుంది. అమెరికాలో ఎన్‌పీఆర్, సీఎన్‌ఎన్ అనే వార్తా సంస్థలు రెండింటికీ అలాంటి పేజీలున్నాయి.

డబ్బు సంగతి చెప్పకుండా ఇదంతా సగమే. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు వార్తల సైట్లకు పాఠకులు విపరీతంగా పెరిగారు, ప్రకటనల ఆదాయం మాత్రం పడిపోయింది. వ్యాపారాలు ఆగిపోవడం ఒక కారణం. ఇంకో కారణం, చాలామంది ప్రకటనకర్తలు "కరోనావైరస్" అన్న మాటను నిషిద్ధ పదాల జాబితాలో పెట్టుకున్నారు, ఆ మాట ఉన్న పేజీలో వాళ్ల ప్రకటన పడదు. అంటే జనానికి అత్యంత అవసరమైన కథనమే సంస్థకు అతి తక్కువ సంపాదించింది. ఇలాంటప్పుడు ప్రకటన ఏజెన్సీలకు ఫోన్ చేసి, నిషిద్ధ పదాల జాబితా నుంచి మన సైట్‌ను మినహాయించమని అడగాలి. అడిగితే కొందరైనా ఒప్పుకుంటారు, అడక్కపోతే ఆ జాబితా ఏళ్లతరబడి అలాగే ఉండిపోతుంది.

వేరేవాళ్ల వేదిక మీద ఇల్లు కట్టుకోవడం ఇంకో ప్రమాదం. వీడియోను జనం సగటున ఎంతసేపు చూస్తున్నారన్న లెక్కను ఎక్కువ చేసి చూపించామని ఫేస్‌బుక్ 2016లో ఒప్పుకుంది. ఆ రోజుల్లో వీడియోకే భవిష్యత్తని రాసేవాళ్లను తీసేసిన సంస్థలున్నాయి. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన న్యూస్ ఫీడ్‌లో వార్తా సంస్థల పోస్టుల ప్రాధాన్యం తగ్గించింది. 2023 ఆగస్టులో కెనడాలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌ల నుంచి వార్తల లింకులు పూర్తిగా తీసేశారు. ఒక్క దారి నుంచి మూడో వంతుకు మించి పాఠకులో ఆదాయమో వస్తుంటే దాన్ని విజయంగా చూడకూడదు, ముందు దాన్ని తగ్గించే పని మొదలుపెట్టాలి. ఈమెయిల్ జాబితా మన చేతిలో ఉండే ఆస్తి. దాన్ని బ్యాకప్ తీసి వేరేచోట కూడా ఉంచాలి.

అచ్చు మానేయాలా అన్న ప్రశ్నకు కెనడాలోని మాంట్రియల్‌లో లా ప్రెస్ పత్రిక చేసిన క్రమం చూడదగ్గది. 2013లో ట్యాబ్లెట్ సంచిక మొదలుపెట్టింది, పాఠకులూ ప్రకటనకర్తలూ అక్కడికి అలవాటుపడ్డాక 2016 నుంచి శనివారం తప్ప మిగతా రోజుల అచ్చు ఆపింది, 2017 చివర శనివారం సంచిక కూడా ఆపింది. తర్వాత లాభాపేక్ష లేని సంస్థగా మారింది. కొత్తది నిలబడ్డాకే పాతది ఆపింది. నష్టాల భయంతో ముందు అచ్చు ఆపేసి తర్వాత డిజిటల్ గురించి ఆలోచించే సంస్థలు రెండింటినీ పోగొట్టుకుంటాయి. అలాగే కోత తప్పనప్పుడు మొదట పోయేది ఫీల్డ్ రిపోర్టర్లు, కంట్రిబ్యూటర్లు అవుతున్నారు. ఇది తలకిందులు. పేజీలు తగ్గించొచ్చు, రంగులు తగ్గించొచ్చు, అద్దె భవనం వదులుకోవచ్చు. ఘటన దగ్గర మన మనిషి లేకపోతే పైన చెప్పిన షీట్‌లో "వాళ్లకెలా తెలుసు" అన్న గడి ఖాళీగానే ఉంటుంది.

తప్పు జరిగాక సవరణకు కూడా క్రమం ఉంది. మొదట కథనం సరిచేసి, ఏది మార్చామో, ఎన్ని గంటలకు మార్చామో కథనంలోనే రాయాలి. తప్పు అలర్ట్‌గా వెళ్లి ఉంటే సవరణ కూడా అలర్ట్‌గానే, అదే జనానికి వెళ్లాలి. సోషల్ మీడియా పోస్టు తప్పయితే స్క్రీన్‌షాట్‌తో సవరణ పోస్టు పెట్టి ఆ తర్వాత అసలుది తీసేయాలి. ముందే తీసేస్తే ఇప్పటికే షేర్ అయినవాటికి జవాబు ఉండదు. సవరణలో తప్పుడు సంగతిని హెడ్డింగ్‌గా మళ్లీ రాయకూడదు, సరైన సంగతితో మొదలుపెట్టాలి. మన కథనాన్ని ఎత్తుకున్న మిగతా సంస్థలకు కూడా ఫోన్ చేయాలి.

చివరిది మనుషుల సంగతి. వీడియోలు పరిశీలించేవాళ్లు మృతదేహాలను గంటలకొద్దీ చూస్తారు. సౌండ్ ఆపి, తెర మీద వీడియో విండోను చిన్నది చేసి చూడాలి. ఒకసారి చూసినదాని వివరాలు షీట్‌లో రాస్తే ఇంకొకరు మళ్లీ చూడాల్సిన పని ఉండదు. 12 గంటల షిఫ్టులో చివరి 4 గంటలు నిర్ణయాలు అప్పజెప్పకూడదు, అలసిన మనిషి "ఆగాలి" అని రాయాల్సినచోట "వాడొచ్చు" అని రాస్తారు. షిఫ్టు మారేటప్పుడు పావుగంట ఇద్దరూ కలిసి కూర్చుని షీట్ పై నుంచి కింద దాకా చదవాలి, ముఖ్యంగా "తప్పు" అని తేల్చినవి. సీటు ఇచ్చేవాళ్లు ఆ తర్వాతే లేవాలి.